అంగుళం కూడా ఊరికే రాదు: జీపు ఇంజనీరు బార్నీ రూస్ జీవితం

ఈ సంచికకి ఒక గొప్ప వ్యక్తి జీవితం గురించి రాసివ్వమని మా క్లబ్ సీనియర్ అక్క అడిగింది. మిగతావాళ్లంతా కవుల్నీ, స్వాతంత్ర్య సమరయోధుల్నీ ముందే పంచేసుకున్నారు. నేనేమో ఎల్కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంత పొడుగు తెలుగు రాయడం నాకిదే మొదలు. అందుకే తెలియని గొప్పల జోలికి పోకుండా, నాకు నిజంగా పనికొచ్చిన మనిషి గురించి రాస్తున్నా. ఆయన పూర్తి పేరు డెల్మార్ రూస్. అందరూ పిలిచింది బార్నీ రూస్ అని. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల సంఖ్యలో తయారైన విల్లీస్ జీపుకి చీఫ్ ఇంజనీరు. 1888లో పుట్టి 1960లో చనిపోయిన అమెరికన్. అయినా పోయిన ఎండాకాలం ఆత్మకూరులో మా ఇంట్లో జరిగిన ఒక గొడవ తీరింది ఆయన వల్లే.

గొడవ ఏంటంటే

మా మామ దగ్గర ఒక పాత మహీంద్రా జీపు ఉంది. ముందూ వెనకా కమాన్ కట్టలే, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలు. వయసు మీద పడి ఆ పట్టీలు చదునైపోయాయి. చేనుకి పోయే బండిదారిలో రాయి తగిలినప్పుడల్లా కిందనుంచి పెద్ద చప్పుడు. మా బావకి ఈ చప్పుడు నచ్చలేదు. వీడియోల్లో చూసి జీపుని నాలుగు అంగుళాలు పైకి లేపాలని పట్టుపట్టాడు. ఒక లేత్ షాపులో కమాన్ చివర్లకి పొడుగు షాకిళ్లు చేయించి బిగించాడు. చూడ్డానికి మాత్రం బండి అదిరింది. మేమంతా దాని పక్కన నిలబడి ఫోటోలు దిగాం, నేనూ దిగాను.

తర్వాతి వారం చేనుకి పోతుంటే కాలువ గట్టు మీద ఎడమ చక్రాలు గాడిలోకి జారాయి. జీపు పక్కకి ఒరిగి, బోర్లా పడబోయి ఆగింది. వెనక కూర్చున్న మా అవ్వ చెయ్యి రాడ్డుకి గుద్దుకుని మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక కూడా ఆ జీపు ఎక్కనని తెగేసి చెప్పింది. మామ బావతో మాట్లాడటం మానేశాడు. బావేమో తప్పు ఎత్తుది కాదు, గట్టుది అంటాడు.

ఇట్లా ఉండగా అవ్వ మొక్కు ఉందని శ్రీశైలం పోయాం. అక్కణ్నుంచి ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి పోవాలంది. వెళ్లినవాళ్లకి ఆ దారి తెలిసే ఉంటుంది. డోర్నాల రోడ్డులో కొంత దూరం వచ్చాక అడవిలోకి మళ్లాలి. అది పులుల అభయారణ్యం, సొంత బండ్లు పోనివ్వరు. అనుమతి ఉన్న జీపుల్లోనే పోవాలి. పది పన్నెండు కిలోమీటర్ల దారికి గంట దాకా పడుతుంది. అది దారి కూడా కాదు, బండరాళ్లు, వాగులు, వేర్లు. అవ్వ భయపడుతూనే ఎక్కింది. నేను కిందకి వంగి చూశా. ఆ జీపు మా జీపు కంటే పొట్టిగా ఉంది! అదే కంపెనీ, అవే కమాన్లు, కంపెనీ నుంచి వచ్చిన ఎత్తే. డ్రైవరన్న మొదటి గేరులో, నడిచే వేగంతో, ఏ రాయి మీద ఏ చక్రం పెట్టాలో ముందే తెలిసినట్టు నడిపాడు. ఒక్కసారి కూడా కింద గట్టిగా తగల్లేదు. బండి ఎందుకు లేపలేదని దిగాక అడిగా. పది మందిని ఎక్కించుకునే బండిని లేపితే ఏదో ఒకరోజు పడుకుంటుందని నవ్వేశాడు. అవ్వ అమ్మవారి నుదుట బొట్టు పెట్టి, అక్కడ అందరూ చెప్పుకునే మెత్తదనాన్ని వేలితో చూసుకుని, మళ్లీ అదే జీపులో హాయిగా తిరిగొచ్చింది.

ఆ రాత్రి నాకొక ప్రశ్న పట్టుకుంది. జీపు ఎత్తు ఇంతే ఉండాలని మొదట లెక్క కట్టింది ఎవరు? వెతుకుతూ పోతే బార్నీ రూస్ దొరికాడు.

బార్నీ ఎవరు

రూస్ న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో పుట్టాడు. కార్నెల్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివాడు. ఆ రోజుల్లో బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ అని ఒక రేసు డ్రైవర్ ఉండేవాడు, దేశమంతా పిచ్చి అతనంటే. ఆ పేరే మన రూస్‌కి ముద్దుపేరుగా అతుక్కుందని చెబుతారు. మన దగ్గర బాగా బ్యాటింగ్ చేసే కుర్రాడికి సచిన్ అని పేరు పడ్డట్టు.

చదువయ్యాక లోకోమొబైల్, పియర్స్ ఆరో, మార్మన్ లాంటి ఖరీదైన కార్ల కంపెనీల్లో పని చేశాడు. 1926లో స్టూడీబేకర్‌లో చేరి అక్కడ చీఫ్ ఇంజనీర్ అయ్యాడు. ప్రెసిడెంట్ అనే కారుకి ఎనిమిది సిలిండర్ల ఇంజన్ తయారు చేశాడు. 1928లో ఆ కార్లని అట్లాంటిక్ సిటీలోని చెక్క ట్రాక్ మీద రాత్రీ పగలూ తిప్పారు. 30,000 మైళ్లు 26,500 నిమిషాల లోపే పూర్తి చేశాయి. అంటే 18 రోజులకి కాస్త పైన, సగటున గంటకి 68 మైళ్ల వేగం. ఎంత వేగంగా పోయిందన్నది ఒక సంగతి. విరగకుండా ఎంతసేపు పోయిందన్నది ఇంకో సంగతి. రూస్‌కి జీవితాంతం రెండోదే ముఖ్యం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తర్వాత అమెరికాలో ఆర్థిక మాంద్యం వచ్చింది. 1933లో స్టూడీబేకర్ దివాలా అంచుకి పోయి కోర్టు చేతిలో పడింది. కంపెనీ అట్లా ఉన్నప్పుడే రూస్ ఒక మంచి పని చేశాడు. 1935 మోడల్ కార్లకి ముందు చక్రాలు రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పైకీ కిందకీ కదిలే సస్పెన్షన్ ఇచ్చాడు. దాని పేరు ప్లానార్. కారుకి అడ్డంగా ఒకే ఒక కమాన్ కట్ట, పైన చిన్న చేతుల్లాంటి లింకులు. ఎడమ చక్రం గుంతలో పడితే ఆ కుదుపు కుడి చక్రానికి పోదు. తక్కువ ఖర్చులో మెత్తటి ప్రయాణం. 1934లో ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈకి అధ్యక్షుడు కూడా అయ్యాడు. మన కాలేజీలో బాహా బండి కట్టే మెకానికల్ వాళ్లు టీషర్టు మీద వేసుకునే ఎస్‌ఏఈ అదే.

స్టూడీబేకర్ వదిలాక ఇంగ్లండ్ పోయి రూట్స్ గ్రూపులో కొన్నాళ్లు చేశాడు. 1938లో తిరిగొచ్చి ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో విల్లీస్ ఓవర్‌ల్యాండ్‌లో చేరాడు. అది కూడా అప్పటికే ఒకసారి దివాలా తీసి లేచిన కంపెనీ. ఖరీదైన కార్ల ఇంజనీర్, యాభై ఏళ్ల వయసులో, అమెరికాలో చౌక కార్లు చేసే కంపెనీలోకి. నాకైతే ప్లేస్‌మెంట్లలో డిమోషన్ లాగా అనిపించింది.

పాత ఇంజన్‌ని పారెయ్యకుండా

విల్లీస్ దగ్గర ఉన్నది ఒక చిన్న నాలుగు సిలిండర్ల ఇంజన్. సుమారు 48 గుర్రాల శక్తి. గట్టిగా తొక్కితే ఎక్కువసేపు ఓర్చుకునేది కాదు. కొత్త ఇంజన్ తయారు చేయడానికి కంపెనీ దగ్గర డబ్బు లేదు. రూస్ దాన్ని విప్పి ఒక్కో భాగాన్నీ పట్టుకున్నాడు. పిస్టన్లు, బేరింగులు, కార్బురేటర్, శీతలీకరణ, భాగాల మధ్య ఉండే సందులు. పెద్ద మార్పు ఒక్కటీ లేదు, చిన్నవి చాలా ఉన్నాయి. చివరికి అదే 2.2 లీటర్ల ఇంజన్ 60 గుర్రాల శక్తి ఇచ్చింది, అదీ గంటల తరబడి. దానికి గో డెవిల్ అని పేరు పెట్టారు. కోడ్ మొత్తం కొట్టేసి మళ్లీ మొదట్నుంచి రాద్దాం అనే నాలాంటివాడికి ఇది చెంపదెబ్బ.

110 కేజీలు

1940లో యూరప్‌లో యుద్ధం ముదిరింది. అమెరికా సైన్యానికి గుర్రాల బదులు ఒక చిన్న, తేలికైన, నాలుగు చక్రాలూ లాగే బండి కావలసి వచ్చింది. ఆ జులైలో 135 కంపెనీలకి కబురు పంపారు. గడువు చూస్తే మన మినీ ప్రాజెక్టుల కంటే దారుణం. 49 రోజుల్లో మొదటి బండి చూపించాలి. బరువు 1,300 పౌండ్లు దాటకూడదట, అంటే దాదాపు 590 కేజీలు. అది అసలు జరిగే పని కాదు. దానికితోడు బండి కిందనుంచి ఎత్తుగా ఉండాలి, కానీ శత్రువుకి దూరం నుంచి కనపడకుండా మొత్తం మీద పొట్టిగా ఉండాలి. ఎత్తు అడిగినవాళ్లే ఎత్తు వద్దన్నారన్నమాట.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. గడువులో మొదటి బండి తెచ్చింది విల్లీస్ కాదు, బాంటమ్ అనే బుల్లి కంపెనీ. దాని బొమ్మలు గీసింది కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజనీర్. 1940 సెప్టెంబర్ 23న మేరీల్యాండ్‌లోని హోలాబర్డ్ సైనిక శిబిరానికి ఆ బండి చేరింది. అక్కడ విల్లీస్, ఫోర్డ్ మనుషులు దాన్ని కళ్లారా చూశారు. బాంటమ్ బొమ్మల్ని సైన్యమే ఆ రెండు కంపెనీలకీ ఇచ్చింది. తర్వాత జీపుని సృష్టించింది మేమే అని విల్లీస్ ప్రకటనలు వేసుకుంటే అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్ తప్పుపట్టింది. 1948లో తీర్పు బాంటమ్ వైపే వచ్చింది. కాబట్టి రూస్‌ని జీపు పితామహుడు అని ఎవరైనా రాస్తే సగమే నమ్మండి. జీపు ఆలోచన ఆయనది కాదు. జీపుని నిలబెట్టింది మాత్రం ఆయన ఇంజనే.

నవంబర్‌లో విల్లీస్ తన బండి తెచ్చింది, పేరు క్వాడ్. 60 గుర్రాల శక్తితో కొండల్ని సులువుగా ఎక్కేసింది. బాంటమ్‌కి, ఫోర్డ్‌కి అప్పుడు 45 దగ్గరే ఉండేది. కానీ క్వాడ్ బరువు ఎక్కువ. సైన్యం బరువు హద్దుని 2,160 పౌండ్లకి, అంటే 980 కేజీలకి పెంచింది. క్వాడ్ అప్పటికీ దాని మీద సుమారు 110 కేజీలు ఎక్కువ తూగింది.

రూస్ ముందు రెండు దారులు. తేలికైన, బలహీనమైన ఇంజన్ పెట్టుకోవడం ఒకటి. బండిలో మిగతా అంతటా బరువు తగ్గించడం రెండోది. ఆయన రెండోదే పట్టుకున్నాడు. జీపుని చివరి బోల్టు దాకా విప్పించాడు. అవసరానికి మించి పొడుగున్న బోల్టుల్ని కురచ చేశారు. కాటర్ పిన్నుల చివర్లు కత్తిరించారు. రేకు పలచగా చేసినా ఓర్చుకునే చోట పలచ చేశారు. లావు ఇనుము బదులు గట్టి ఉక్కు వాడారు. ఆఖరికి రంగు ఎన్ని పూతలు వెయ్యాలన్నది కూడా తూకం వేసి చూశారట. మొత్తానికి బండి హద్దులోకి వచ్చింది. దుమ్ము పట్టినా బరువు దాటేస్తుందన్నంత దగ్గరగా వచ్చిందని కథలు చెబుతారు.

1941 జులైలో 16,000 బండ్ల ఆర్డరు విల్లీస్‌కి వచ్చింది. యుద్ధం పెరిగాక సరిపోక, విల్లీస్ డిజైన్‌నే ఫోర్డ్ కూడా తయారు చేసింది. యుద్ధం అయ్యేసరికి రెండూ కలిపి 6 లక్షలకి పైగా జీపులు. పాపం బాంటమ్‌కి చివరికి ట్రైలర్ల పని మిగిలింది.

ఆ యుద్ధకాలపు జీపు కొలతలు చూస్తే నాకు నోట మాట రాలేదు. కింద నేలకీ బండికీ మధ్య ఖాళీ 8.75 అంగుళాలు, అంటే 222 మిల్లీమీటర్లు. 2020లో వచ్చిన కొత్త థార్‌కి కంపెనీ చెప్పే లెక్క 226 మిల్లీమీటర్లు. ఎనభై ఏళ్లలో తేడా 4 మిల్లీమీటర్లు! బావ మాత్రం ఒక్క పూటలో నాలుగు అంగుళాలు పెంచాడు.

రోడ్డుకొకటి, రాళ్లకొకటి

రూస్ కథలో నాకు బాగా నచ్చిన సంగతి ఇది. 1935లోనే ముందు చక్రాలకి మెత్తటి సస్పెన్షన్ చేసిన మనిషి, జీపుకి మాత్రం అది పెట్టలేదు. జీపుకి ముందూ వెనకా మొద్దు యాక్సిలే, కమాన్ కట్టలే. కూర్చుంటే నడుము విరుగుతుంది. కానీ రాళ్లలో విరగదు, విరిగినా ఎక్కడైనా బాగు చేయొచ్చు. ఎడమ ముందు కమాన్‌కి అదనంగా ఒక చిన్న స్ప్రింగు కూడా ఉండేది. రెండు పక్కలూ ఒకేలా కనపడాలన్న పట్టింపు లేదు. భారం ఎక్కడ పడుతుందో అక్కడే బలం.

యుద్ధం అయ్యాక 1946లో విల్లీస్ మామూలు కుటుంబాల కోసం స్టేషన్ వాగన్ తెచ్చింది. దాని ముందు చక్రాలకి రూస్ తన పాత ఆలోచననే మళ్లీ వాడాడు, ఈసారి పేరు ప్లానడైన్. ఎందుకంటే ఆ బండి తిరిగేది రోడ్డు మీద. అదే మనిషి, అదే ఫ్యాక్టరీ. రోడ్డు బండికి ఒకటి, రాళ్ల బండికి ఒకటి. తనకి ఏది వచ్చో అది పెట్టలేదు, బండి ఎక్కడ తిరుగుతుందో చూసి పెట్టాడు.

ఇంకొకటి కూడా ఉంది. 1950లో ఆయన ఆధ్వర్యంలో పాత ఇంజన్‌కే కొత్త తల పెట్టి ఇంకా శక్తి పెంచారు, దాని పేరు హరికేన్. అయితే ఆ తల ఎత్తు ఎక్కువ. జీపు బానెట్ కింద పట్టలేదు. అందుకని 1953లో సీజే-3బీ అనే మోడల్‌కి బానెట్ పైకి లేపాల్సి వచ్చింది. మన ఊళ్లలో కనపడే పాత మహీంద్రా జీపుల ముక్కు ఎత్తుగా ఉంటుంది కదా, దాని మూలం అదే. ఒకచోట పైకి లేపితే ఇంకోచోట మార్చాల్సిందే.

మన దాకా ఎట్లా వచ్చింది

యుద్ధకాలంలో కె.సి. మహీంద్రా అమెరికాలో భారత ప్రభుత్వ సరఫరాల పని మీద ఉండేవాడు. అక్కడ ఆయనకి బార్నీ రూస్ పరిచయం అయ్యాడు. అప్పుడే జీపు మీద మనసు పడింది. 1945లో అన్నదమ్ములు మాలిక్ గులాం మహమ్మద్‌తో కలిసి ఉక్కు వ్యాపారంగా పెట్టిన కంపెనీ దేశ విభజన తర్వాత 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి గవర్నర్ జనరల్ దాకా ఎదిగాడు. ఇక్కడ మాత్రం 1940ల చివర్లోనే విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెచ్చి బొంబాయిలో బిగించడం మొదలైంది. తర్వాత వాటినే ఇక్కడే పూర్తిగా తయారు చేశారు.

1963లో శ్రీశైలం ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది. ఆ కాలంలో ప్రాజెక్టులన్నా, అడవులన్నా, సర్వేలన్నా జీపే. మా తాత తరానికి గవర్నమెంటు అంటే దుమ్ము లేపుకుంటూ వచ్చే జీపే. రూస్ 1960లోనే పోయాడు. నల్లమల గురించి ఆయన విని ఉండడు. అయినా ఆయన తూకం వేసిన బండి మనవళ్లు ఈ రోజుకీ ఇష్టకామేశ్వరి దారిలో జనాన్ని మోస్తున్నాయి.

మా లెక్క

ఇంటికొచ్చాక బావని కూర్చోబెట్టి రూస్ లాగే లెక్క వేద్దామన్నా. ఎత్తు పెంచితే వచ్చేదేంటి, పోయేదేంటి, రెండు కాలమ్స్ గీశాం. ఈ సంగతులు జీపు ఉన్న ఎవరికైనా పనికొస్తాయని ఇక్కడ పెడుతున్నా.

మొదటిది, ఎత్తు పెంచినా మనం అనుకున్నది పెరగదు. మొద్దు యాక్సిల్ ఉన్న జీపులో అన్నిటికంటే కిందకి ఉండేది యాక్సిల్ మధ్యలో గుండులా ఉండే డిఫరెన్షియల్. కమాన్లు ఎంత ఎత్తినా పైకి పోయేది బాడీ, ఛాసిస్. ఆ గుండు అక్కడే ఉంటుంది. అది లేవాలంటే పెద్ద టైరు వెయ్యాలి. టైరు మొత్తం ఎత్తు రెండు అంగుళాలు పెరిగితే గుండు ఒక అంగుళం లేస్తుంది. అంటే బావ నాలుగు అంగుళాల తర్వాత కూడా అదే రాయి అదే గుండుకి తగిలేది. కాకపోతే ముందు బంపరు, ఛాసిస్ నడుము మెట్టలకి తగలకుండా ఉండటానికి ఎత్తు సాయపడుతుంది, అది నిజమే.

రెండోది ఒరగడం. చక్రాల మధ్య వెడల్పు 49 అంగుళాలు అనుకుందాం, యుద్ధకాలపు జీపుది అంతే. బండి బరువు కేంద్రం నేల నుంచి 27 అంగుళాల ఎత్తులో ఉందని లెక్క కోసం పెట్టుకుందాం. కదలకుండా నిలబడి ఉంటే 42 డిగ్రీల వాలు దాకా పడదు. నాలుగు అంగుళాలు పెంచితే అది 38 డిగ్రీలకి వస్తుంది. నాలుగు డిగ్రీలే కదా అన్నాడు బావ. కానీ డోర్నాల ఘాట్ మలుపుల్లో బండిని నిలబెట్టే పట్టు దీంతో దాదాపు ఎనిమిదో వంతు తగ్గుతుంది. వెనక మనుషులు ఎక్కాక, గుంతలో కుదుపు వచ్చాక అసలు 38 కూడా ఉండదు. కాలువ గట్టు మీద ఆ రోజు మాకు లేకుండా పోయింది ఆ కాస్తే. నేను ఆ నంబర్లు ఫోన్లో చూపించినప్పుడు బావ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మూడోది షాఫ్టు. జీపు పొట్టి బండి, వెనక ప్రొపెల్లర్ షాఫ్టు ఇంకా పొట్టి. అది 20 అంగుళాలు అనుకుంటే, రెండు అంగుళాలు లేపినప్పుడు దాని వంపు ఇంకో 6 డిగ్రీల దాకా పెరుగుతుంది. నాలుగు లేపితే 11 దాటుతుంది. జాయింట్ క్రాసులు అంత వంపులో తిరిగితే వణుకు మొదలై త్వరగా అరిగిపోతాయి. పొడుగు షాకిల్ వేస్తే ముందు యాక్సిల్ కాస్త తిరిగి, స్టీరింగ్ తనంతట తాను నేరుగా రావడం తగ్గుతుంది. మా జీపు రోడ్డు మీద అటూ ఇటూ ఊగింది అందుకే. బ్రేకు పైపుల పొడుగు, షాకబ్జర్ల పొడుగు కూడా చాలవు. ఇవేవీ మార్చకుండా ఒక్క షాకిల్ మార్చాడు బావ. రూస్ ఉంటే ఏమనేవాడో నాకు తెలియదు కానీ బోల్టులన్నీ విప్పించేవాడని మాత్రం అనుకుంటున్నా.

నాలుగోది చట్టం. కంపెనీ ఇచ్చిన తీరు, ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేట్టు బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా ఇది మెడకి చుట్టుకోవచ్చు.

ఇదంతా అయ్యాక మామే టేపు తెచ్చాడు. బావతో నెలల తర్వాత ఆయన చేసిన మొదటి పని అది. పొడుగు షాకిళ్లు తీసి పాతవి బిగించి కొలిచాం. కమాన్లు ఎంత చదునైపోయాయో అప్పుడు తెలిసింది. మాన్యువల్లో ఉన్న ఎత్తు కంటే మా జీపు అంగుళంన్నర కిందకి కూర్చుని ఉంది! అంటే మాకు కావలసిన ఎత్తు కొత్తగా తెచ్చుకోవాల్సింది కాదు, మా దగ్గరే ఉండి పోయింది. కర్నూలులో కమాన్లు కట్టేచోట విరిగిన పట్టీలు మార్పించి, మిగతావాటికి వంపు కొట్టించాం. బుష్‌లు కొత్తవి వేశాం. షాకబ్జర్లు కంపెనీ సైజువే మార్చాం. టైర్లు అరిగిపోయినవి తీసి అదే సైజు కొత్తవి. అరిగిన టైరు పోయి కొత్తది వచ్చేసరికి గుండు కూడా కాస్త లేచింది. చేనుదారిలో ఇప్పుడు ఆ పెద్ద చప్పుడు లేదు. మిగిలిన ఒకటి రెండు రాళ్లని బావే గడ్డపారతో తీసి పక్కన పడేశాడు.

ఒకటి మాత్రం మా లెక్కలో రాసుకోలేదు. ఉగాదికి ముందు మా ఊరి మీదుగా కన్నడ భక్తులు వేల మంది వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి శ్రీశైలానికి నడిచిపోతారు. ఈసారి వాళ్లకి మజ్జిగ ఇవ్వడానికి వెంకటాపురం దాకా జీపులో పోదామని మామ అన్నాడు. అవ్వ వాకిట్లో నిలబడి జీపుని కాసేపు చూసింది. లేపిన రోజుల్లో ఆమె ఎక్కాలంటే కింద స్టూలు వెయ్యాల్సి వచ్చేది, మోకాళ్లు సహకరించేవి కావు. ఇప్పుడు రాడ్డు పట్టుకుని, బాగైన చేత్తోనే, తనంతట తాను ఎక్కి కూర్చుంది. మజ్జిగ బిందె ఒళ్లో పెట్టమంది. బావ మొదటి గేరు వేశాడు.